98.5 ఏంటి, గ్రాములా మిల్లీలీటర్లా?

నేను తయారుచేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ గాఢత సరిచూడటానికి టైట్రేషన్ చేస్తున్నాను, అంటే రంగు మారేదాకా బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి యాసిడ్ కొద్దికొద్దిగా వదలడం. 20 మి.లీ. దగ్గర మారాల్సిన రంగు 16.8 దగ్గరే మారిపోయింది. ఫ్లాస్క్‌లో పసుపుగా ఉన్న మిథైల్ ఆరెంజ్ (యాసిడ్ ఎక్కువైతే రంగు మారే సూచిక) ఒక్క చుక్కకి నారింజ రంగులోకి తిరిగింది. ఫ్లాస్క్‌లో ఉన్నది 1.06 గ్రాముల సోడియం కార్బొనేట్, అంటే 0.01 మోల్ (మోల్ అంటే పదార్థంలోని కణాల సంఖ్యని లెక్కించే ప్రమాణం). ఒక మోల్ కార్బొనేట్‌కి రెండు మోల్స్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి. నేను తయారుచేసింది నిజంగా 1 మోలార్ (లీటరుకి ఒక మోల్) అయితే 20 మి.లీ. పట్టి తీరాలి.

ల్యాబ్‌లో అప్పటికి కొత్త. మళ్లీ చేశాను, 16.8. బ్యూరెట్ కొసలో గాలి బుడగ ఉందేమోనని చూసి, కడిగి, మూడోసారి చేస్తే 16.85. చేతిలో తప్పుంటే అంకెలు చెదురుతాయి. ఇలా ఒకేచోట కూర్చున్నాయంటే లెక్కలోనే ఏదో ఉందని ఇప్పుడైతే వెంటనే అనుకుంటాను. అప్పుడు మాత్రం టెన్షన్‌తో బ్యూరెట్‌నే అనుమానించాను.

సీనియర్ మేడమ్ వచ్చి బ్యూరెట్ వైపు చూడనైనా చూడలేదు, నోట్‌బుక్ అడిగారు. నా లెక్క రెండే లైన్లు. 1 మోలార్ కావాలంటే లీటరుకి ఒక మోల్, అంటే 36.46 గ్రాముల యాసిడ్ కావాలి. బాటిల్ మీద 37 శాతం అని ఉంది కాబట్టి 36.46ని 0.37తో భాగిస్తే 98.5.

"ఈ 98.5 ఏంటమ్మా?"

"మి.లీ. మేడమ్."

"పైన గ్రాములున్నాయి, కింద శాతం ఉంది. మరి మి.లీ. ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. మెజరింగ్ సిలిండర్‌తో కొలిచాను కాబట్టి మి.లీ. అయిపోయింది, అంతే.

ఆ 37 శాతం బరువు మీద లెక్క. 100 గ్రాముల ద్రావణంలో 37 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. గాఢ యాసిడ్ నీళ్ల కన్నా బరువు, మి.లీ.కి 1.19 గ్రాములు తూగుతుంది. నాకు కావాల్సింది 98.5 గ్రాముల యాసిడ్. 1.19తో భాగిస్తే 82.8 మి.లీ. చాలు. నేను దాదాపు 16 మి.లీ. ఎక్కువ పోశాను. 20ని 16.8తో భాగించమన్నారు మేడమ్. 1.19 వచ్చింది. బాటిల్ లేబుల్ మీద సాంద్రత ఎదురుగ్గా అదే అంకె. నా మూడు టైట్రేషన్లూ పాపం నిజమే చెప్పాయి.

పారబోసి మళ్లీ చేస్తానన్నాను. "ఎందుకూ? గాఢత ఎంతో తెలిసింది కదా" అన్నారు. అదీ నిజమే. 1 మోలార్ ద్రావణం 250 మి.లీ. కావాలంటే 250ని 1.19తో భాగించి, ఇందులోంచి 210 మి.లీ. తీసుకుని, ఫ్లాస్క్ మెడ మీది గీత దాకా నీళ్లు కలిపితే సరిపోతుంది. గీత దాకా అని ఎందుకంటున్నానంటే, చివరి మొత్తమే లెక్క. లీటరు నీళ్లు కొలిచి అందులో యాసిడ్ పోసేవాళ్లని కూడా చూశాను, వాళ్లకి వచ్చేది లీటరు కన్నా ఎక్కువ.

ఆ తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ దగ్గర ఇంకో పాఠం అయింది. ఆ బిళ్లలు త్రాసు మీద ఉండగానే గాలిలో తేమ లాక్కుంటాయి. 4.00 గ్రాములు తూచానని ఎంత గట్టిగా చెప్పినా అందులో కొంత నీళ్లే. దాన్నీ టైట్రేట్ చేశాకే లేబుల్ రాస్తాను.

నా యాసిడ్ బాటిల్ లేబుల్ మీద మాత్రం "1 మోలార్" కొట్టేసి "1.19" రాశాను. మేడమ్ పెన్ను తీసుకుని దాని పక్కన "మోలార్" అని చేర్చారు.