కుట్లు మానిపోయాక వచ్చిన చీము

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న గాట్లలోంచి చేసే ఆపరేషన్, చేయించుకున్నాను. కుట్లు చక్కగా మానాయి, ఇంటిపనీ ఆఫీసూ మొదలుపెట్టేశాను. నెల దాటాక స్నానం చేస్తుంటే బొడ్డు దగ్గర గాటు కింద శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. కొన్నాళ్లకు అది పగిలి, పల్చటి చీము కారడం మొదలైంది.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, తర్వాత అమోక్సిక్లావ్, ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్. పైన మూసుకున్నట్టే ఉండి మళ్లీ పక్కన పగిలేది. చీమును కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్షకు, పంపితే ఏమీ పెరగలేదని రిపోర్ట్ వచ్చింది. మందు మాత్రం మళ్లీ మార్చారు. జాకెట్టుకీ చీరకీ మరకలు అవుతుంటే బయటికి వెళ్లాలంటేనే టెన్షన్.

వేరే సర్జన్‌కు చూపించాం. ఆయన ఆ కాగితం చూసి, "మామూలు కల్చర్ రెండు రోజులు చూసి పారేస్తారమ్మా. ఇది అంత త్వరగా పెరిగే రకంలా లేదు" అన్నారు. టీబీకి చేసే పద్ధతిలో మళ్లీ కల్చర్ పెట్టించారు. ఈసారి దొరికింది: మైకోబాక్టీరియం చెలోనే. టీబీ క్రిమి జాతిదే, కానీ టీబీ కాదు, టీబీ మందులకు లొంగదు. నీళ్లలో, మట్టిలో బతుకుతుంది. దాని గోడ మైనంలా జిడ్డుగా ఉండటంతో చాలా యాంటీబయాటిక్స్ లోపలికే వెళ్లలేవట. నేను అంతకుముందు మింగినవన్నీ రిపోర్ట్‌లో రెసిస్టెంట్ అనే ఉన్నాయి, అంటే ఈ క్రిమి మీద పనిచేయవన్నమాట. ల్యాప్రోస్కోపీ పరికరాలను గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములను చంపే ద్రావణంలో ముంచి, కుళాయి నీళ్లతో కడిగే చోట ఇలాంటివి వస్తుంటాయని ఆయన చెప్పారు. ఈ జాతిలో కొన్ని ఆ ద్రావణానికి కూడా చావవట! పరికరాలను విడదీసి, సందుల్లో ఇరుక్కున్న కండ తీసి, ఆవిరిలో స్టెరిలైజ్ చేయాలి.

చెడిన కండంతా కోసి తీశారు. క్లారిత్రోమైసిన్ నెలల తరబడి వాడాను. నోరంతా చేదు, కాఫీ కూడా సహించేది కాదు. మొదట్లో అమికాసిన్ ఇంజెక్షన్లు కూడా పడ్డాయి. అవి చెవులకు, కిడ్నీలకు ప్రమాదం కాబట్టి వినికిడి, క్రియాటినిన్ పరీక్షలు చేయిస్తూ ఇచ్చారు. గాయం లోపల్నుంచి మెల్లగా పూడింది. ఇప్పుడు అక్కడ చిన్న గుంట మాత్రమే ఉంది.

మా సర్జన్ మొదటి ఆసుపత్రికి ఫోన్ చేసి, పరికరాలు కడిగే నీళ్లు పరీక్ష చేయించమన్నారు. నా తర్వాత ఆ టేబుల్ మీద పడుకున్నవాళ్లు గుర్తొస్తుంటారు. ఆ పరీక్ష ఏమైందని నేను అడుగుతూనే ఉన్నాను.