ఎన్ని గంటలు కాదు, ఎన్నాళ్ళు

డాక్టర్ సీటు కోసం రాసే నీట్ పరీక్షకి రోజుకి ఎన్ని గంటలు చదువుతున్నావని ఈ నెలలో అడగనివాళ్ళు లేరు, చివరికి పాలాయన కూడా అడిగాడు. పద్నాలుగు అంటే అందరికీ తృప్తి. ఏడెనిమిది అని నిజం చెబితే అమ్మ మొహం మాడిపోతుంది. విజయవాడలో ఇంటర్ అయ్యాక మళ్ళీ నీట్ రాసేవాళ్ళకిచ్చే లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టళ్ళలో తెల్లారకముందే లేపేసి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతారట. అలా కూర్చుంటే చదువొస్తుందా అంటే, నాకైతే కునుకొస్తుంది. అందుకే ఇక్కడే, శ్రీకాకుళంలోనే, ఇంట్లో ఉండి చదువుతానన్నాను.

ఇవాళ పొద్దున కాగితం మీద లెక్కేసుకున్నా. నీట్‌లో 720 మార్కుల్లో సగం, 360, బయాలజీవే. 180 ప్రశ్నలకి 180 నిమిషాలు, కాబట్టి బయాలజీ తొందరగా తెమిలితేనే ఫిజిక్స్‌కి ఊపిరాడేది. ఇంకోటి, పరీక్ష పెట్టేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు, అదీ మే ఎండల్లో. ఆ టైముకి మా ఇంట్లో అందరూ తిని పడుకునుంటారు, నాతో సహా! రేపట్నుంచి పడక మానేసి సరిగ్గా ఆ మూడు గంటలే పేపర్ రాయాలనుకుంటున్నా, నాలుగింటికి లేచి చదివేదానికన్నా నాకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. అమ్మమ్మకి నచ్చలేదు. "అన్నం తిన్నాక నడుం వాల్చకపోతే ఏటే ఆ చదువు" అంటుంది.

అసలు గొడవ గంటలది కాదు, ఏళ్ళది. నీట్ ఇన్నిసార్లే రాయాలన్న రూలు లేదు, వయసు పైపరిమితి కూడా 2022లో ఎత్తేశారు. మంచిదే, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి అదో దారి. కానీ ఆపమనేవాళ్ళు లేనప్పుడు గీత మనమే గీసుకోవాలి. చిన్నాన్న మాత్రం "వచ్చేదాకా రాయమ్మా, ఒకసారి డాక్టరైతే జీవితాంతం డాక్టరే" అంటారు. ఫీజు కట్టేది ఆయన కాదు కదా. సీటొచ్చాక కూడా నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత పీజీ కోసం మళ్ళీ ఇదే పాట. ఆ లెక్కలో ముందు పోయే ఏళ్ళని ఎవరూ కలపరెందుకో.

సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో పాత పేపర్లు జిరాక్స్ తీయించుకుని వస్తూ దారిలోనే నాన్నకి చెప్పేశా. వచ్చే మే దాకా చదువుతాను, అంతే. దాంతోపాటు మన రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కూడా రాస్తాను, ర్యాంకొస్తే అగ్రికల్చర్ బీఎస్సీ, మా జిల్లాలోని నైర కాలేజీలోనే దొరికితే ఇంకా సంతోషం. నాన్న కాసేపు బండి నడుపుతూ ఏమీ మాట్లాడలేదు, తర్వాత "డాక్టరవుతానని నువ్వే కదా అన్నావు" అన్నారు. అన్నాను, ఇప్పటికీ అంటున్నాను, మే తర్వాత మాత్రం అననని కూడా చెప్పాను. సరే అన్నారు. చిన్నాన్నకి చెప్పే పని మాత్రం నాన్నదే, అది ముందే ఒప్పించుకున్నా.