ఊక, బార్లీ పిప్పి, మూసీ నీళ్లు

మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్య పెరిగినవాణ్ణి కావడంతో, ఊకతో మురుగునీటిని శుద్ధిచేసే పదార్థం తయారవుతుందని విన్నప్పటి నుంచీ ఆ పని కళ్లారా చూడాలని ఉండేది. పైగా హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ కృష్ణలో కలిసేది మాకు దగ్గరి వాడపల్లి వద్దే. బస్సు దిగి, నాగోలు వంతెన దగ్గర నల్లని నీటి మీద తేలుతున్న నురగను చూసి, అక్కడి నుంచి నగరంలోని ఒక పరిశోధనశాలకు వెళ్లాను.

అక్కడ ఒక గోనెసంచిలో ఊక, పక్కన బకెట్టులో బీరు తయారీలో మిగిలిన బార్లీ పిప్పి ఉన్నాయి. ఈ రెండింటినీ కాల్చి, నీటిని శుద్ధిచేసే బొగ్గుగా మారుస్తారట. వంద లీటర్ల బీరుకు సుమారు 20 కిలోల తడిపిప్పి మిగులుతుందట. అందులో ముప్పాతికకు పైగా నీరే కనుక త్వరగా పులిసిపోతుంది, ఆరబెట్టడానికి ఖర్చూ ఎక్కువే. తాజాగా ఉన్న పిప్పి పాడిపశువులకు మంచి దాణా. అది వాటికే చెందాలని, పులిసి పారబోసేదే కొలిమికి రావాలని నా అభిప్రాయం.

శుభ్రంగా కడిగి ఎండబెట్టిన ఊకను గాలి తగలకుండా మూసిన పాత్రలో దాదాపు 500 డిగ్రీల వద్ద కాలిస్తే, ఆవిరయ్యేవన్నీ పోయి కంటికి కనిపించని రంధ్రాలతో బొగ్గు మిగులుతుంది. అక్కడి పరిశోధక విద్యార్థిని ఆ బొగ్గు పొడిని మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన నీటిలో వేసి, కాసేపు కుదిపి వడగట్టింది. సిరాలా ఉన్న నీరు తేటగా జారింది. రంగు అణువులు బొగ్గు ఉపరితలాన్ని అంటుకుని ఉండిపోతాయని, దీన్నే అధిశోషణం అంటారని వివరించింది.

అయితే మూసీ నీరు సీసాలోని రంగునీరు కాదు. అందులోని మానవ వ్యర్థాలు, సబ్బు, నూనె, రసాయనాలు అన్నీ అవే రంధ్రాల కోసం పోటీపడతాయి కాబట్టి, సూక్ష్మజీవులతో శుద్ధిచేశాక మిగిలిన రంగులు, లోహాల వంటివాటికే ఈ బొగ్గును వాడడం సబబు. లోహాలు పట్టిన బొగ్గును పొలంలో చల్లకూడదు; ఆమ్లంతో కడిగి మళ్లీ వాడుకున్నా, ఆ కడిగిన నీటిని మళ్లీ శుద్ధి చేయాల్సిందే. ఆ ఖర్చు కలపకుండా దీన్ని చౌక అనడం నాకు న్యాయంగా తోచలేదు.

మా మిల్లుల్లో ఊకను బాయిలర్లలోనే కాల్చేస్తారని చెప్పగా, ఆ విద్యార్థిని, "ఆ బూడిద కూడా పంపండి సార్, అందులో ఎక్కువభాగం ఇసుకలో ఉండే సిలికానే, కాలకుండా మిగిలిన బొగ్గు ఎంతుందో చూస్తాం" అంది. మిల్లు మిల్లుకూ కాల్చే తీరు వేరు గనుక, రెండు మూడు మిల్లుల బూడిదను విడివిడిగా సంచులకు పేర్లు రాసి పంపుతానని చెప్పి వచ్చాను.