మీ వీధి పని ఏ పద్దులో ఉంది?

ఆనేకల్, హోసకోటె, దేవనహళ్ళి, నెలమంగల తాలూకాల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఇల్లో సైటో కొనుక్కున్నారు. చెప్పుకోవడానికి బెంగళూరే గానీ, చాలా చోట్ల పాలన ఇంకా గ్రామ పంచాయతీదే. కాలువ పూడిపోయినా, వీధిదీపం వెలగకపోయినా మనవాళ్ళు నేరుగా వెళ్ళి సర్పంచ్ ఎవరని అడుగుతారు. ఆంధ్రాలో సర్పంచ్‌ని ఓటర్లే ఎన్నుకుంటారు. కర్ణాటకలో అలా కాదు. సుమారు 400 జనాభాకు ఒకరు చొప్పున గెలిచిన సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకుంటారు. ఆఫీసు నడిపేది పీడీఓ, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారి. డబ్బు బయటికి రావాలంటే ఇద్దరి సంతకాలూ పడాలి.

అక్కడ ఎక్కువగా వినపడే జవాబు "అనుదాన ఇల్ల", గ్రాంటు లేదని. అది చాలాసార్లు అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఖాతాలో డబ్బు ఉండి కూడా మీ పనికి వాడకూడని డబ్బు కావచ్చు. కాబట్టి డబ్బు ఉందా అని కాకుండా, ఈ పని ఏ పద్దు కింద చేయొచ్చు అని అడగండి. సంభాషణ వేరే దారిలో నడుస్తుంది.

కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటే చూడండి. 2021-22 నుంచి 2025-26 దాకా అందులో 60 శాతం షరతులతో వచ్చింది: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు పనికిరాదు. తాగునీటి పద్దులో లక్షలు మిగిలినా దాంతో వీధిదీపం వేయలేరు. వేస్తే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు, ఆ మొత్తం అధికారి మెడకు చుట్టుకుంటుంది.

పంచాయతీ చేతిలో కాస్త స్వేచ్ఛగా ఉండేది సొంత ఆదాయం: ఇంటిపన్ను, నీటి చార్జీలు, లైసెన్సు ఫీజులు, దుకాణాల అద్దెలు. ఇందులోనూ కోతలున్నాయి. పన్ను మీద ఆరోగ్యం 15, విద్య 10, గ్రంథాలయం 6, భిక్షుకుల పునరావాసం 3 శాతం చొప్పున సెస్సులు వసూలవుతాయి. రసీదు మీద కనిపించే ఆ సొమ్ము పంచాయతీది కాదు, ఆయా శాఖలకు జమ కావాలి. అసలు పన్నులో దాదాపు నాలుగో వంతు దళిత, గిరిజనుల సంక్షేమానికి, 5 శాతం వికలాంగులకు కేటాయించాలి. పోగా మిగిలిన దాంట్లోనే ఆదివారం రాత్రి కాలిపోయిన బోరు మోటారు రీవైండింగు, చీపుర్లు, ట్రాక్టరు డీజిలు. లేఅవుట్‌లో సగం ఇళ్ళు పన్ను ఎగ్గొడితే ముందు ఆగిపోయేవి ఈ అత్యవసర పనులే. పన్ను కట్టకుండా నిలదీయడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు ఉన్నా, పద్దు సరిపోయినా, పని వార్షిక ప్రణాళికలో లేకపోతే బిల్లు పాసవదు. ప్రణాళిక తయారీ మామూలుగా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ముందు వార్డు సభ, తర్వాత గ్రామ సభ. గ్రామ సభకు కోరం ఓటర్లలో పదోవంతు లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. ఇక్కడే మనవాళ్ళు వెనకబడతారు: ఓటు ఇంకా చిత్తూరులోనో అనంతపురంలోనో ఉంటే ఈ ఊరి సభలో మీరు సభ్యులు కారు. ఓటు ఇక్కడికి మార్పించుకోవాలి. సభలో నోటితో అడిగి వచ్చేస్తే లాభం లేదు. కన్నడంలో ఒక పేజీ అర్జీ రాసి, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి దాకా, ఇన్ని మీటర్ల కాలువ అని కొలతతో ఇచ్చి, నడావళి (సభలో జరిగింది రాసే) పుస్తకంలో రాశారో లేదో అక్కడే చూసుకోండి. "కాలువ బాగుచేయాలి" అని మాత్రమే రాస్తే ఇంజనీరు అంచనా వేయలేడు, అది మళ్ళీ ఏడాదికి వాయిదా.

ఇంకో అడ్డంకి బయటికి కనపడదు. చెల్లింపులు ఆన్‌లైన్‌లో డిజిటల్ సంతకాల మీద నడుస్తాయి. పీడీఓ బదిలీ అయినా, అధ్యక్షులు మారినా, డిజిటల్ సంతకం ఉండే డాంగిల్ (యూఎస్‌బీ పరికరం) గడువు తీరినా కొత్త సంతకం సిస్టంలో ఎక్కేదాకా ఒక్క బిల్లూ కదలదు. అలాంటప్పుడు గుమస్తా మీద అరవడం కన్నా, కొత్త సంతకం నమోదుకు ఎప్పుడు పంపారో కనుక్కుని తాలూకా పంచాయతీ ఈఓకి, అంటే కార్యనిర్వహణాధికారికి రాయడం మేలు.

నీళ్ళ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల ఆరోగ్యం దీని మీదే ఉంది. ట్యాంకులో బ్లీచింగ్ వేసేది వాటర్‌మన్. అందరూ నీరుగంటి అంటారు. చాలా చోట్ల గుప్పెడు లెక్కన వేసేస్తారు. లెక్క కష్టమేమీ కాదు. 50,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 100 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూతి తెరిచిన బస్తా పంపుహౌసు తేమలో పడి ఉంటే బలం తగ్గిపోతుంది. 25 శాతం అనుకుంటే 400 గ్రాముల పౌడర్ పడుతుంది. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, బకెట్ నిండా నీళ్ళు పోసి, తెల్లటి సున్నం అడుగుకు దిగేదాకా ఆగాలి. పై తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. మడ్డితో సహా ఒంపేస్తే వాల్వులు పట్టేస్తాయి. నీళ్ళు ఎక్కుతున్నప్పుడు పోస్తే బాగా కలుస్తుంది. ఆ తర్వాత కనీసం అరగంట దాకా నీళ్ళు వదలకూడదు.

పరీక్ష ట్యాంకు కింద ఉన్న కొళాయి దగ్గర చేస్తే సరిపోదు, లైను చివరి ఇంట్లో చేయాలి. క్లోరోస్కోప్ (నీళ్ళలో మిగిలిన క్లోరిన్ చూసే కిట్) గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. దాన్ని కిట్‌లోని రంగుల పట్టీతో పోల్చితే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు కనపడాలి. ట్యాంకు దగ్గర సరిగ్గా ఉండి చివర్లో సున్నా వస్తే, మధ్యలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోందని అనుమానించాలి. మోతాదు పెంచేసి ఊరుకోకుండా లీకు వెతికించండి. ఇంకో మాట: బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం క్లోరిన్‌తో పోవు. వాటికి ల్యాబు పరీక్ష వేరే చేయించాలి.

ఈ-స్వత్తు, అంటే పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ నమోదు, కాగితాల్లో మనవాళ్ళ అర్జీలు తిరిగి రావడానికి పెద్ద కారణం పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, క్రయపత్రంలో ఒక్క పొడి అక్షరం, కన్నడ నమోదులో అదీ పేరు చివర. మూడూ కలవకపోతే ఆస్తి నమోదు పత్రమైన ఫారం 9 ఆగుతుంది. రెండో కారణం కొలతలు, క్రయపత్రంలో అడుగులు, ఇక్కడ మీటర్లు. పన్ను రిజిస్టరు నకలైన ఫారం 11బి చేతికొచ్చినంత మాత్రాన లేఅవుట్‌కు ప్లాను అనుమతి ఉన్నట్టు కాదు, బ్రోకరు ఏం చెప్పినా సరే. పాత యజమాని పన్ను బకాయి ఉంటే ముందు అది కట్టించి, రసీదు జతచేసి అర్జీ పెట్టండి.

ఖర్చులు చూడాలనుకునేవాళ్ళు ఆగస్టు-సెప్టెంబరులో జరిగే జమాబందీకి వెళ్ళాలి. గత ఆర్థిక సంవత్సరం లెక్కలు, వోచర్లు, పనుల ఫైళ్ళు జనం ముందు పెట్టి చూసేది అక్కడే. మీ వీధి పనికి కొలతల పుస్తకం, అంటే ఎంబీ, అడిగి తీసుకుని, టేపు పట్టుకుని ఆ కాలువ దగ్గరికి నడవండి. అది ఇవ్వకపోతే సమాచార హక్కు అర్జీ 10 రూపాయల ఫీజుతో పెట్టొచ్చు. కర్ణాటక నిబంధన ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. అందుకని కాలువకు ఒకటి, వీధిదీపాలకు ఇంకొకటి విడిగా రాయండి.