వెనక్కి తిరిగే జిగురు

మొక్కజొన్న పిండి జిగురు ఉడికించి, గుండ్రంగా తిప్పి చటుక్కున ఆపితే పైనున్న బుడగలు ఒక్క క్షణం వెనక్కి తిరుగుతాయి. ఇవాళ కళ్లప్పగించి అదే చూశాను. మామూలు నీళ్లు అలా చేయవు!

సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటాక పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని బాగా ఉబ్బుతాయి. లోపలున్న అమైలోజ్ అనే పొడవాటి పిండి అణువుల గొలుసులు కొన్ని బయటికొచ్చి చిక్కుపడతాయి. తిప్పినప్పుడు సాగినవన్నీ వదలగానే స్ప్రింగులా కాస్త వెనక్కి లాగుతాయి, ఆలస్యమైతే సడలిపోతాయి. సగం ద్రవం, సగం ఘనం అన్నమాట.

నాకింకా నచ్చింది దాని జ్ఞాపకం. ఒకే గిన్నెలోది అయినా, బాగా చిలికిన భాగం పలుచబడింది. కదపనిది చల్లారి గడ్డకట్టింది. అందుకే చిక్కదనం ఎంతంటే ఒక్క అంకె చెప్పి ఊరుకోలేం. అంతకుముందు దాన్ని ఎంత వేడిచేశారో, ఎంత చిలికారో, ఎంతసేపు వదిలేశారో కూడా చెప్పాలి.