సున్నం కింద అక్షరాలు

నవంబరు 18, తిరుపతి

నవంబరు వచ్చిందంటే పెన్షన్ తీసుకునే పెద్దలకు తాము బతికే ఉన్నామని రుజువు చూపించుకునే పని పడుతుంది. మా పెద్దనాన్న మద్రాసు రెజిమెంట్‌లో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. పొద్దున ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. బ్యాంకులో వేలిముద్రల యంత్రం ఆయన వేళ్ళను ఒప్పుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, కుడి చేయి, ఎడమ చేయి అన్నీ అయ్యాయి. పదవీ విరమణ తర్వాత ఇన్నేళ్ళు మడక పట్టిన వేళ్ళు, గీతలు ఎక్కడ మిగులుతాయి? ఆఖరికి ముఖం ఫోటో తీసి పని కానిచ్చారు. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. నాకే వచ్చింది.

ఇంటికి వస్తుంటే కూడలిలో ఒక ఫ్లెక్సీ కనిపించింది. అమర జవానులకు జోహార్లట. పైన ఒక మూల తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ, అదీ ఎవరిదో తెలియదు. మిగిలినదంతా చేతులు జోడించిన స్థానిక నాయకుల ముఖాలు. పెద్దనాన్న ఆటోలోంచి తొంగి చూసి, "ఇందులో చనిపోయినవాడు ఎవరమ్మా?" అని అడిగారు. ఆటో అబ్బాయి పకపకా నవ్వాడు.

సాయంత్రం మా అమ్మాయి బడికి రాయాల్సిన వ్యాసం ముందేసుకుంది. పరమవీర చక్ర పొందిన ఒకరి గురించి రాయాలి. అబ్దుల్ హమీద్‌ను ఎంచుకుంది. మొదటి పేరా తాతయ్యకు చదివి వినిపించింది. భరతమాత ముద్దుబిడ్డ, అసమాన ధైర్యసాహసాలకు ప్రతీక, త్యాగధనుడు, చరిత్రలో చిరస్మరణీయుడు. పెద్దనాన్న చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"బాగుంది. ఇంతకీ ఆయన ఏం చేశాడు?"

"శత్రువుల ట్యాంకులు పేల్చాడు తాతయ్యా."

"ఎలా పేల్చాడు?"

దానికి జవాబు లేదు. ఆ పేరాలో పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా ఒక్క మాట మార్చనక్కర్లేదు. మనం చదివే సంస్మరణ వ్యాసాల్లో సగం ఇంతే. విశేషణాలు ఎక్కువయ్యేకొద్దీ మనిషి కనబడకుండా పోతాడు.

పెద్దనాన్న భోజనాల బల్ల మీదే యుద్ధరంగం పరిచారు. ఉప్పు డబ్బా జీపు. స్టీలు గ్లాసులు పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు. వంటింట్లోంచి కొత్తిమీర కట్ట తెప్పించి చెరకు తోట అన్నారు. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ ప్రాంతం, అసల్ ఉత్తాడ్ అనే ఊరి దగ్గర, 1965 సెప్టెంబరు. హమీద్ 4 గ్రెనేడియర్స్ పటాలంలో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు. అంటే కంపెనీ అనే సైనిక దళానికి సామాను, సరుకుల లెక్క చూసే హోదా. ఆ మాట చెప్పేటప్పుడు "హవల్దారు" అన్న దగ్గర పెద్దనాన్న గొంతు కాస్త పెరిగింది.

జీపు మీద బిగించిన ఆ తుపాకీని రీకాయిల్‌లెస్ గన్ అంటారు. కాల్చినప్పుడు వెనక్కి తన్నదు. ఆ దెబ్బంతా మంటగా, వేడి గాలిగా వెనక వైపు నుంచి బయటికి కొడుతుంది. అందుకే అంత బరువైన పని ఒక జీపు మోయగలుగుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒక్క గుండు పేల్చగానే వెనక దుమ్ము లేచి, జీపు ఎక్కడుందో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. ట్యాంకుకు ఇనుప కవచం ఉంది, జీపుకు రేకు కూడా సరిగ్గా లేదు.

"కాబట్టి కొట్టాలి, వెంటనే చోటు మార్చాలి. మళ్ళీ కొట్టాలి, మళ్ళీ మార్చాలి" అంటూ ఉప్పు డబ్బాను కొత్తిమీర వెనకకు, అక్కడి నుంచి నీళ్ళ చెంబు వెనకకు జరిపారు. ఒక్కో గ్లాసూ బోర్లపడుతోంది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. సెప్టెంబరు 10న ఒక ట్యాంకూ ఆ జీపూ ఒకదాన్నొకటి ఒకేసారి గురి చూసుకున్నాయి. జీపు మీద గుండు పడింది. పెద్దనాన్న ఉప్పు డబ్బాను పక్కకు ఒరిగించలేదు, ఊరికే మీద చేయి పెట్టి ఆపేశారు.

1966 గణతంత్ర దినోత్సవం నాడు హమీద్ భార్య రసూలన్ బీబీ ఢిల్లీ వెళ్ళి, రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆ పతకం అందుకున్నారు. రాధాకృష్ణన్ చిన్నప్పుడు మన తిరుపతిలోనే బడికి వెళ్ళారని నేను చెబితే మా అమ్మాయికి యుద్ధం కంటే అదే ఎక్కువ ఆశ్చర్యంగా తోచింది. పిల్లలతో అంతే.

పతకం మీద నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. దధీచి వెన్నెముకతో చేసిన ఆయుధం కదా, ప్రాణం ఇచ్చినవాడికి ఇంతకంటే తగిన గుర్తు దొరకదు. దాన్ని గీసినది స్విట్జర్లాండ్‌లో పుట్టి, మరాఠీ ఇంటి కోడలై, మన పురాణాలన్నీ చదువుకున్న సావిత్రీ ఖానోల్కర్. మొట్టమొదటి పరమవీర చక్ర ఎవరికి దక్కిందని చూస్తే, ఆవిడ కూతురి అత్తవారింటి మనిషే: మేజర్ సోమనాథ్ శర్మ. 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయానికి దగ్గరలోని బడ్గామ్‌లో, చేతికి సిమెంటు కట్టుతోనే యుద్ధానికి వెళ్ళి, తుపాకులకు తూటాలు నింపి ఇస్తూ చనిపోయాడు. ఇంతవరకు ఈ పతకం వచ్చిన 21 మందిలో 14 మంది దాన్ని చూసుకోలేదు.

"ఈ రోజు తేదీ ఎంత?" అని పెద్దనాన్న ఉన్నట్టుండి అడిగారు. నవంబరు 18. 1962 చైనా యుద్ధంలో ఇదే రోజు తెల్లవారుజామున లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమలో 13 కుమావ్ పటాలానికి చెందిన ఒక కంపెనీ దాదాపు మొత్తంగా నేలకొరిగింది. సుమారు 120 మందిలో 114 మంది. మధ్యలో కొండ అడ్డం కావడంతో మన ఫిరంగుల సాయం వాళ్ళకు అందలేదు. నాయకుడు మేజర్ షైతాన్ సింగ్, గాయపడ్డాక కూడా తనను మోయవద్దని వదిలేయించుకున్నాడు. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పింది మొదట చాలామంది నమ్మలేదట. చలికాలం చివర్లో వెళ్ళి చూస్తే మంచులో శవాలు కందకాల్లో ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. చేతుల్లో తుపాకులు. వైద్య సహాయకుడి చేతిలో సిరంజి, కట్టుగుడ్డ. ఆ సిరంజి ముందు ఏ విశేషణం నిలుస్తుంది?

పుంగనూరు వైపు మా ఊరి చేను గట్టు మీద ఒక వీరగల్లు ఉంది, అంటే పోరులో పడిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇలాంటివి ఎన్నో. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలవాళ్ళు కొట్టుకున్న కాలం నాటివి, అంటే వెయ్యేళ్ళ పైమాట. కొన్నిటి మీద సోరెమడి యుద్ధం పేరు కూడా చెక్కి ఉంది. మా ఊరిదాని మీద ఒక చేత కత్తి, ఇంకో చేత బాకు పట్టి కాలు ముందుకు వేసిన వీరుడు. పైన అతన్ని చెరో వైపు పట్టుకుని తీసుకుపోతున్న అప్సరసలు. పక్కన నాలుగైదు వరుసల అక్షరాలు. ఇలాంటి శాసనాల్లో వాడెవడు, ఎవరి కొలువులో ఉన్నాడు, పశువుల కోసం పడ్డాడా, రాజు కోసం పడ్డాడా, ఇంటివాళ్ళకు ఏ మాన్యం ఇచ్చారు అన్నీ రాస్తారు. పొగడ్త తక్కువ, సమాచారం ఎక్కువ.

కాని ఊరివాళ్ళు ఏటా సంక్రాంతికి దానికి సున్నం కొట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. పొర మీద పొర. నా చిన్నతనంలో వేలితో తడిమితే అక్షరాల గాడి తెలిసేది. ఇప్పుడు చేయి నున్నగా జారిపోతుంది. రాయి మీద తడి కాగితం పరిచి, కుంచెతో మెత్తగా కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. శాసనాలు చదివేవాళ్ళు అలాగే అచ్చు తీస్తారు. సున్నం ఇంత మందాన ఉంటే ఆ పని జరగదు.

ఆ మాటే పెద్దనాన్నతో అంటే, "శుభ్రం చేస్తామని మాత్రం అనకు, గొడవైపోతుంది. వాళ్ళు మురికి చేశారన్నట్టు ఉంటుంది. వీరుడి పేరు తెలుసుకుందామని అడుగుదాం. ఈసారి సున్నం తడపకముందే వెళ్ళాలి" అన్నారు. యూనివర్సిటీలో శాసనాలు చదవడం వచ్చినవాళ్ళు ఎవరున్నారో ముందు కనుక్కోవాలి. మా అమ్మాయి త్యాగధనుడు కొట్టేసి, ఆ చోట జీపు గురించి రాసుకుంటోంది. రీకాయిల్‌లెస్‌కు తెలుగులో ఒత్తు ఎక్కడ పెట్టాలని ఇప్పటికి రెండుసార్లు అడిగింది.