కార్పెట్ కింద బ్యాటరీ

విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లు లారీలకూ కార్లకూ సీట్లు కుట్టిన నేను, ఇంగ్లాండ్‌కు వచ్చాక మళ్లీ సూది పట్టుకుంటానని అనుకోలేదు. మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చి, మొదటి ఆరు నెలలూ ఒక గిడ్డంగిలో అట్టపెట్టెలు సర్దాను. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేసే ఒక షెడ్డుకు కుట్టుపని తెలిసిన మనిషి కావాలని విని వెళ్లి, తోలుముక్కకు పైపింగ్ వేసి చూపించాను. మర్నాటి నుంచే రమ్మన్నారు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఎం.జి.బి. అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు. 1962 నుంచి 1980 దాకా ఇవి మాకు దగ్గర్లోని అబింగ్డన్‌లోనే తయారయ్యాయి. అయిదు లక్షలకు పైగా తయారైన బండి కనుక విడిభాగాలకు కొదవ లేదు. కార్పెట్లు, తలుపు లోపలి పలకలు, సీటు తొడుగులు అన్నీ కత్తిరించి, కుట్టి, పెట్టెలో పెట్టి అమ్ముతారు. అయితే అరవై ఏళ్లలో ఒక్కో కారు ఒక్కో చోట తుప్పు పట్టి, ఒక్కో చేతిలో వెల్డింగు పడి ఉంటుంది కాబట్టి, పెట్టెలోంచి తీసిన ముక్క తీసినట్టుగా అతికిన సందర్భం నాకింతవరకు ఎదురుకాలేదు.

అన్నిటికంటే ఓపిక అడిగేది వెనక చక్రాల పైన లోపలికి ఉబ్బి ఉండే రేకుకు రెక్సిన్ తొడగడం. చదునైన గుడ్డను గుండ్రటి రేకు మీద ముడత లేకుండా పరచాలి. అంటించే సొల్యూషన్‌ను రేకుకూ రెక్సిన్‌కూ పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, నడి భాగాన్ని ముందు అంటించి, అక్కడి నుంచి అంచుల వైపు అరచేత్తో నిమురుతూ లాగాలి. ఒకసారి అంటుకున్నదాన్ని జరపడం కుదరదు. ఆటోనగర్‌లో ఏప్రిల్ ఎండలో రెక్సిన్‌ను బయట కాసేపు పరిస్తే చాలు, తోలులా మెత్తబడేది. ఇక్కడ జనవరిలో అదే సరుకు అప్పడంలా బిగుసుకుపోతుంది. అందుకే జుట్టు ఆరబెట్టుకునే యంత్రాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో లాగడం నేర్చుకున్నాను. సూర్యుడు ఉచితంగా చేసిపెట్టిన పనికి ఇక్కడ కరెంటు ఖర్చవుతోందని అప్పట్లో నవ్వుకునేవాణ్ణి.

చేతులకు పని తెలుసు కానీ బుద్ధికి తెలియదని మొదటి సీటు దగ్గరే బయటపడింది. మా ఆటోనగర్‌లో ఉన్నదానికన్నా మెత్తగా, మెరిసేలా చేసి ఇస్తేనే గిరాకీ. ఆ అలవాటు కొద్దీ సీటులో ఒక అంగుళం ఫోమ్ ఎక్కువ వేశాను. కారు యజమాని పొడగరి. వచ్చి కూర్చోగానే ఆయన తొడలు పెద్ద స్టీరింగ్ చక్రానికి తగిలాయి, కళ్లు ముందు అద్దం పై చట్రానికి ఎదురుగా వచ్చాయి. తోలు తొడుగు మొత్తం విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఆయనకు కావలసింది సుఖమైన సీటు కాదు, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాటి సీటు. బాగుచేయడమంటే మెరుగుపరచకుండా ఆగడం కూడా అని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పటికీ వదులుగా కనిపించే కుట్టును చూస్తే చెయ్యి ఊరుకోదు.

అంతకన్నా పెద్ద పొరపాటు 1964 నాటి ఒక ఓపెన్ కారు విషయంలో చేశాను. సీట్ల వెనక నేల మీద ఎర్ర కార్పెట్‌ను నాలుగు అంచులా సొల్యూషన్ పెట్టి, గాలిబుడగ లేకుండా అంటించి, మేస్త్రిని గర్వంగా పిలిచాను. ఆయన వంగి చూసి, "బ్యాటరీ ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు. ఇంజను పక్కన కాబోలు అన్నాను. ఆ కాలపు ఎం.జి.బి.లో ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు, సరిగ్గా నేను కార్పెట్ అంటించిన ఆ నేల కింద ఉంటాయి. 1970ల మధ్యలో గానీ ఒకే పన్నెండు వోల్టుల బ్యాటరీ రాలేదు. వాటి మూత తీయడానికి కార్పెట్ పైకి లేచి తీరాలి. పీకేటప్పుడు అడుగుపొర చిరిగిపోయింది. ఆ ఖరీదు జీతంలో కోస్తారేమోనని రెండు వారాలు బితుకుబితుకుమన్నాను. కోయలేదు. ఆ రోజు నుంచి మాత్రం ఏదైనా మూసే ముందు దాని కింద ఏముందో తోలు గుచ్చే ఆర మొనతో తడిమి, సీటు బెల్టు రంధ్రాలూ స్క్రూల రంధ్రాలూ ఒక్కొక్కటిగా వెతికి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి పెట్టుకున్నాకే సొల్యూషన్ డబ్బా తెరుస్తున్నాను.

పాత తలుపు పలకలు ఊడదీసినప్పుడు హార్డ్‌బోర్డు వెనక ఒక్కోసారి పెన్సిలు గీతలు కనిపిస్తాయి. నేనూ కొత్త పలకల వెనక, కుడి ఎడమలు తారుమారు కాకుండా, సుద్దతో తెలుగులో "కు" అనీ "ఎ" అనీ రాసుకుంటాను. మొదట్లో అవేం బొమ్మలని అడిగిన మేస్త్రి ఇప్పుడు వాటిని చూసే పలకలు అందిస్తున్నారు. పోయిన వారం మాత్రం "ఎ"ను తలకిందులుగా పట్టుకుని, ఇదేదో కొత్త గుర్తు పెట్టావని నన్నే నిలదీశారు.